ఐపీ చిరునామాలకు ఎక్సెల్ షీట్ చాలదా?

తిరుచానూరు వాసి:
తిరుపతిలో కొన్ని ప్రాంగణాలున్న ఒక విద్యాసంస్థలో నెట్‌వర్క్ చూస్తున్నాను. కంప్యూటర్ల పేర్లు, ఐపీ చిరునామాలు (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరాన్ని గుర్తించే అంకెలు) అన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో ఉన్నాయి. వాటిని డేటాబేసులోకి మార్చి, డీఎన్‌ఎస్ (పేరు చెబితే ఐపీ చిరునామా ఇచ్చే వ్యవస్థ) రికార్డులు అక్కడి నుంచే తయారయ్యేలా చేద్దామన్నాను. షీట్ బాగానే ఉంది కదా అంటున్నారు పైవాళ్లు. మీరేమంటారు?

చంద్రగిరి కోట:
వారి మాటే సరి. ఇద్దరు ముగ్గురున్న విభాగానికి డేటాబేసు అదనపు బరువు. అది మొరాయించిన రోజు నెట్‌వర్క్ అంతా ఆగాలా? షీట్‌ను ప్రింటు తీసి సర్వర్ గదిలో అంటించండి, చాలు.

కపిలతీర్థం:
చంద్రగిరి గారూ, గోడకెక్కిన మర్నాడే ఆ కాగితం పాతబడుతుంది. ఈ తగాదా ఇంటర్నెట్‌కు ముందరి నెట్‌వర్క్ ఆర్పానెట్ నాటిది. అప్పట్లో అన్ని కంప్యూటర్ల పేర్లూ ఒకే ఫైలులో ఉండేవి. స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని చూసుకునేది. మార్పులు అక్కడికి పంపాలి, కొత్త ఫైలును ఎవరికి వారు దించుకోవాలి. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఫైలు అందేసరికే వివరాలు మారిపోయేవి. అందుకే 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్‌ఎస్‌ను రూపొందించారు. ఎవరి భాగం బాధ్యత వారిదే అయింది.

షీట్‌తో వచ్చే చిక్కు ఏమిటంటే, ఒకే సంగతిని మూడుచోట్ల రాయాలి: షీట్‌లో, డీఎన్‌ఎస్ సర్వర్ చదివే పేర్ల జాబితా అయిన జోన్ ఫైలులో, చిరునామాను బట్టి పేరు చెప్పే రివర్స్ జోన్‌లో. జోన్ మార్చి, మార్పు జరిగిందని తెలిపే సీరియల్ నంబరు పెంచడం మరిచిపోతే, దాని నకలు ఉంచుకునే రెండో సర్వర్ కొత్త రికార్డులు తెచ్చుకోదు. కొందరికి కొత్త చిరునామా, కొందరికి పాతది! ఎంత వేధిస్తుందో పడినవారికే తెలుసు. మనిషి ఒక్కచోటే రాయాలి, మిగతావన్నీ ప్రోగ్రామే రాయాలి. ఈ విషయంలో నేను రాజీపడను.

ఇక డేటాబేసు ఆగినా నెట్‌వర్క్ ఆగదు. అప్పటికే తయారైన జోన్ ఫైళ్లతో డీఎన్‌ఎస్ సర్వర్లు జవాబిస్తూనే ఉంటాయి.

చంద్రగిరి కోట:
ఆ చివరి మాట ఒప్పుకుంటాను. మరి హాస్టల్ పిల్లల ఫోన్ల సంగతి? రోజూ వందలు వస్తాయి, పోతాయి. అవన్నీ ఎక్కిస్తారా?

కపిలతీర్థం:
అక్కర్లేదు. వాటికి డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలను తనంతట తానే కేటాయించే పద్ధతి) ఇచ్చే చిరునామాల శ్రేణిని నమోదు చేస్తే చాలు. సర్వర్లు, స్విచ్‌లు, ప్రింటర్లు మాత్రం బాధ్యుల పేర్లతో సహా ఉండాలి. పాత సర్వర్‌ను తీసేసినప్పుడు దాని పేరునూ తీసేయాలి. లేదంటే ఆ చిరునామా రేపు మరొకదానికి వెళ్లినప్పుడు పాత పేరు దాన్నే చూపుతుంది.

తిరుచానూరు వాసి:
అయితే ముందు స్విచ్‌లు, ప్రింటర్లు ఎక్కిస్తాను. సర్వర్లు ఆ తర్వాత.

చంద్రగిరి కోట:
ఒక ప్రాంగణంతోనే మొదలుపెట్టండి. అది కుదురుకునేదాకా షీట్‌ను చెరిపేయకండి.