సినిమా పాటలు ఆపేసి నెల రోజులు: ఏం విన్నానంటే...

నాగోలు_మెట్రో (చర్చ మొదలుపెట్టింది):

ఇక్కడ "ఈమధ్య ఏం వింటున్నారు" అని ఎవరు అడిగినా పది జవాబుల్లో తొమ్మిది కొత్త సినిమా పాటలే ఉంటాయి. పదోది పాత సినిమా పాట. పోయిన నెల నాకు ఒళ్ళు మండి, నాతో నేనే పందెం కట్టుకున్నాను. ముప్పై రోజులు సినిమా పాట పెట్టుకోకూడదు. ఆటోలోనో పక్కింటి పెళ్ళిలోనో చెవిన పడితే లెక్కలోకి రాదు. నా చేత్తో నేను పెట్టుకోకూడదు, అంతే. ఆఫీసుకి నాగోలు నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో సుమారు గంట, తిరిగి రావడానికి ఇంకో గంట. టైముకి లోటు లేదు.

మొదటి వారం ఈమని శంకరశాస్త్రి గారి వీణ. మెట్రోలో వీణ వినకండి. అమీర్‌పేటలో జనం ఎక్కాక తలుపుల చప్పుడూ అనౌన్స్‌మెంటూ తప్ప ఏమీ మిగలదు. రాత్రి ఇంట్లో ఫ్యాన్ కూడా ఆపి విన్నాను. ఒక్క మీటు మీటి, ఆ తీగ మోగడం ఆగిపోయేలోగా ఎడమచేత్తో దాన్ని లాగి లాగి మూడు నాలుగు స్వరాలు పిండుతారు. చివరి స్వరం దాదాపు వినపడదు. మనమే ఊహించుకోవాలి. ఆ చివరి స్వరం కోసం అదే చోటికి ఎన్నిసార్లు వెనక్కి వెళ్ళానో లెక్కలేదు.

రెండో వారం జాజ్. అమెరికా ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959 ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ'. ఇక్కడ నా పరువు పోయిన సంగతి ఒకటి చెప్పాలి. నా ఇయర్‌బడ్స్‌లో ఎడమది ఎప్పుడో చచ్చిపోయింది. ఆ రోజుల్లో స్టీరియో కొత్త, ఒక వాయిద్యాన్ని పూర్తిగా ఒక పక్కకే తోసేసేవాళ్ళు. దాంతో వారం రోజులు ఆ ఆల్బమ్‌లో ఒకటే సాక్సఫోన్ ఉందనుకున్నాను. మా టీమ్‌లో ఒకతని హెడ్‌ఫోన్స్ అడిగి పెట్టుకుంటే రెండో మనిషి బయటపడ్డాడు. జాన్ కోల్‌ట్రేన్, కానన్‌బాల్ యాడర్లీ, ఇద్దరున్నారు. వారం పాటు వాళ్ళలో ఒకణ్ణి నేను బ్యాండ్‌లోంచి తీసేశాను.

ఆ తర్వాత రెండు వారాలూ తినారివెన్ అనే మాలి దేశపు బ్యాండ్. సహారా ఎడారి తువారెగ్ తెగవాళ్ళు, ఎలక్ట్రిక్ గిటార్లు, చప్పట్లు. భాష ఒక్క ముక్క రాదు. అయినా ఎక్కువసార్లు విన్నది వీళ్ళనే.

ఇప్పుడు అసలు మాట. నా లెక్కలో సినిమా పాట ఒక జానర్ కాదు, కిరాణా కొట్టు. అన్నీ దొరుకుతాయి గానీ అన్నీ నాలుగైదు నిమిషాల ప్యాకెట్లలోనే దొరుకుతాయి. ప్యాకెట్టే వస్తువని అలవాటైపోయాం. కాబట్టి ఈ చర్చలో సినిమా పాటలు వద్దు. ఉత్త పేర్లు కూడా విసరొద్దు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎలా వినాలో చెప్పండి.

విద్యానగర్_హార్మోనియం:

కొట్టు అన్నావు, బాగానే ఉంది బాబూ. ఆ కొట్టే లేకపోతే మాకు సరుకేదీ? నేను పెరిగింది నల్లగొండ జిల్లాలో ఒక చిన్న ఊరు. కచేరీ అన్న మాట పేపర్లో చదవడమే. టూరింగ్ టాకీసే మాకు గానసభ. ఘంటసాల విజయనగరం సంగీత కళాశాలలో నేర్చుకుని వచ్చిన మనిషి. ఆయన గొంతులో రాగాలు మా చెవుల్లో పడి నలభై ఏళ్ళు ఉన్నాక, రిటైరయ్యాక ఒక మాస్టారి దగ్గర కూర్చుంటే "ఇదా హిందోళం, ఇది నాకు తెలుసే" అనిపించింది. తెలిసింది సినిమా వల్ల. సినిమా పాటల్ని బయట నిలబెట్టి సంగీతం గురించి మాట్లాడదాం అనడం, మెట్లు తీసేసి మేడ ఎక్కమన్నట్టుంది.

చిక్కడపల్లి_సాయంత్రం:

త్యాగరాయ గానసభకి నడిచి వెళ్ళే దూరంలో ఉంటాను కాబట్టి నాకో మాట చెప్పే హక్కుందనుకుంటున్నాను.

హార్మోనియం గారూ, మెట్లు నిజమే. కానీ చాలామంది మెట్టు మీదే చాప పరుచుకుని పడుకున్నారు. నాగోలు గారి బాధ అదే.

అలాగని నాగోలు గారి గీత కూడా అంత నిటారుగా లేదు. "సినిమా కాదు కాబట్టి అసలు సంగీతం" అని మనం చూపించే మొదటి ఉదాహరణ అన్నమయ్యే కదా. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, పైన రాగం పేరుంది. స్వరం లేదు. ఆయన ఎలా పాడుకున్నాడో ఎవరికీ తెలియదు. ఈరోజు మనం వినే బాణీలు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, 2025 మార్చిలో కాలం చేసిన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు, ఇలాంటివాళ్ళు మొన్న మొన్న కట్టినవి. 'నానాటి బతుకు'కి రేవతి రాగం నేదునూరి గారిది. అయిదు వందల ఏళ్ళ పాట అనుకుని మనం కళ్ళు మూసుకునేది ఇరవయ్యో శతాబ్దపు బాణీకి. నాకు దాని మీద ప్రేమ తగ్గలేదు. కానీ "శుద్ధమైనది" అని గీత గీసేటప్పుడు చెయ్యి కాస్త వణకాలి.

ఇక సిఫారసు. కొత్తవాళ్ళు కచేరీలో చాలాసేపు సాగే రాగం తానం పల్లవితో మొదలుపెట్టకండి, పారిపోతారు. నేదునూరి గారి అన్నమయ్య కీర్తన ఒకటి తీసుకుని వారమంతా అదే వినండి. తర్వాత వోలేటి వెంకటేశ్వర్లు గారి గాత్రం దగ్గరికి వెళ్ళండి. ఆయన్ని వినే ముందు అన్నం తినకండి, నిద్రొస్తుంది. ఆయన తప్పు కాదు, పప్పు తప్పు.

ఇంకోటి. కచేరీలో తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే వాయించే వంతు, మొదలవగానే క్యాంటీన్‌కి లేచి వెళ్ళేవాళ్ళు ఈ చర్చలో ఉంటే చెయ్యెత్తండి. మృదంగం ఆయన అప్పటిదాకా ఇంకొకరి పాటకి కాపలా కాసి, తన వంతు వచ్చేసరికి వీపులు చూస్తాడు.

ఉప్పల్_జగ్గు:

నాగోలు అన్నా, కోపం తెచ్చుకోకు. మాలి దేశం దాకా పోయినవు, కొమురవెల్లి మల్లన్న దాకా పోలేదు.

మాది జనగామ పక్క. డోలు కొట్టుకుంట మల్లన్న కథ చెప్పే ఒగ్గు కథ వినుకుంటనే పెరిగినోణ్ణి, పేరు కూడా అందుకే ఒగ్గోళ్ళ చిన్న డమరుకం పేరు జగ్గు అని పెట్టుకున్న. చుక్క సత్తయ్య గారు, మిద్దె రాములు గారు కథ చెప్తుంటే ఒక్క మనిషే రాజు, ఒక్క మనిషే దేవత, డోలు దెబ్బకి గుర్రం గూడా ఆయనే. మీ ముప్పై రోజుల్లో తెలంగాణ పాట ఒక్కటీ లేదు. జానర్ అంటే ఖండం దాటి ఉండాల్నా?

హార్మోనియం సార్ చెప్పిన మెట్ల సంగతికి వస్త. 12 మెట్ల కిన్నెర అనే తీగల వాయిద్యం వాయించే మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. అంతకుముందు ఏడాది ఒక పెద్ద సినిమా టైటిల్ పాట మొదట్ల ఆయన గొంతు పెట్టిండ్రు. రాష్ట్రమంతా గుర్తుపట్టింది, సంతోషమే. కానీ ఆయన కిన్నెర మీద చెప్పేది పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ. ముచ్చట చెప్పుకుంట పోయే కథలు. సినిమా విన్న లక్షల మందిల ఆ కథ కూసుండి విన్నోళ్ళు ఎందరు? మెట్టు ఎక్కిండ్రా, మెట్టు మీద సెల్ఫీ దిగిండ్రా?

మనోళ్ళ మీద గూడా నాకు కోపమున్నది. యూట్యూబ్‌ల జానపదం అని వస్తున్న దాంట్ల సగం ఒకటే డీజే దరువు. పాలమూరు పాటకి, కరీంనగర్ పాటకి కింద అదే కంప్యూటర్ డప్పు. పల్లె పేరు మారుతది, దరువు మారది.

నాగోలు_మెట్రో:

జగ్గు అన్నా, కోపమేమీ లేదు. నిజంగానే తలదించుకున్నాను. నా ఫోన్‌లో తినారివెన్ వాళ్ళ తమాషెక్ భాష పాటలున్నాయి, మల్లన్న కథ లేదు.

కానీ ఒక డౌట్. ఒగ్గు కథ రాత్రంతా చెప్పేది. ఎదురుగా మనుషులుండాలి, దేవుడి కోసం నేల మీద వేసే పట్నం ముగ్గు ఉండాలి. దాన్ని నేను మెట్రోలో ఒక చెవితో వింటే విన్నట్టేనా?

ఉప్పల్_జగ్గు:

కాదు. అందుకే రమ్మంటున్న.

గచ్చిబౌలి_టెస్టర్:

అందరూ కాసేపు ఎమోషన్ పక్కన పెట్టండి. ప్యాకెట్ సైజు సినిమా వాళ్ళ పాపం ఒక్కటే కాదు. స్పాటిఫైలో 30 సెకన్లు దాటితేనే ఒక ప్లే కింద లెక్క. 2024 నుంచి ఏడాదిలో వెయ్యి ప్లేలు దాటని పాటకి రాయల్టీ కూడా లేదు. మరి పాట కట్టేవాడు ఏం చేస్తాడు? మొదటి అరనిమిషంలోనే హుక్, అంటే చెవిని పట్టేసే ముక్క, పెట్టేస్తాడు. ఈమని గారు ఆలాపన మొదలుపెట్టి శ్రుతిలో కుదురుకునేసరికే ఆ 30 సెకన్లు అయిపోతాయి. పొరపాటున ఈరోజు పుట్టి ఉంటే ఆల్గారిథమ్ ఆయన్ని ఆ వీణతో సహా పక్కకి నెట్టేసేది.

అయినా నేను యాప్ మనిషినే. నాకు సంగీతం చెప్పే తాతయ్యలూ లేరు, గానసభా దగ్గర్లో లేదు. మండోలిన్ శ్రీనివాస్ నాకు ఎలా దొరికారో తెలుసా? జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్ వింటుంటే, వాళ్ళిద్దరూ కలిసి వాయించిన రిమెంబర్ శక్తి బ్యాండ్‌ని యాపే తెచ్చి పెట్టింది. అమెరికా నుంచి తిరిగి వచ్చి శ్రీనివాస్ పుట్టిన పాలకొల్లులో దిగినట్టయింది. మనిషి చెబితేనే సిఫారసు అనడం కొంచెం గొప్పలకి పోవడమే.

ఒక్క చికాకు. మా పాప అన్నం తినాలంటే చిట్టి చిలకమ్మ పెట్టాలి. ఇప్పుడు నా యాప్ నన్ను మూడేళ్ళవాణ్ణి అనుకుంటోంది. జాజ్ అయిపోగానే చిలకమ్మ.

చిక్కడపల్లి_సాయంత్రం:

చిలకమ్మని తీసెయ్యకండి. మీరు ఏరుకున్న వాటన్నిటిలో మీకు రుచి చూపించాలని కాకుండా ఎవరో అన్నం తినాలని పాడేది అదొక్కటే.

పాతబస్తీ_దరువు:

ఇంతమంది హైదరాబాదు వాళ్ళు మాట్లాడారు, మన ఊరి మర్ఫా దరువు పేరు ఒక్కరూ ఎత్తలేదు. పెళ్ళి ఊరేగింపుల్లో, వినాయక నిమజ్జనంలో కూడా దానికే గంతులేస్తారు. ఇంటికొచ్చి "ఏం విన్నారు" అంటే అది గుర్తుకురాదు. నిజాం ఫౌజులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్న చోటే ఈనాటి ఏ.సి. గార్డ్స్. సిద్దీలనే ఆ ఆఫ్రికన్ల వారసులు, బార్కస్ అరబ్బులు వాయించి వాయించి మనకిచ్చిన దరువు అది. డఫ్లు, మర్ఫా, స్టీలు బిందె మీద కర్ర. బిందె మోగడం మొదలైతే పక్కనున్న మనిషి మాట వినపడదు, వినాలని కూడా ఉండదు. దీన్ని ఏ ఆల్బమ్‌లో వినమంటారు?

ఖవ్వాలీ కూడా అంతే. వార్సీ సోదరుల్ని ఇంట్లో రికార్డులో వింటే మొదటి పది నిమిషాలు "ఇంకా మొదలు కాలేదేంటి" అనిపిస్తుంది. దర్గాలో ఉర్సు ఉత్సవం జరిగేటప్పుడు నేల మీద కూర్చోండి. ఒకే పంక్తిని తిప్పి తిప్పి పాడుతుంటే, ఏడోసారికో ఎనిమిదోసారికో ముందు వరసలో ఒక ముసలాయన చెయ్యి లేస్తుంది. ఆ చెయ్యి కోసమే పాడేవాళ్ళు అదే పంక్తి దగ్గర ఆగుతారు. ఫోన్‌లో నీ చెయ్యి లేచినా వాళ్ళకి కనపడదు.

విద్యానగర్_హార్మోనియం:

నాగోలు బాబూ, నీ తినారివెన్ ఏమిటో చూద్దామని మనవడి ఫోన్‌లో పెట్టించుకున్నాను. మూడు పాటలు విన్నాను. పక్కన హార్మోనియం కూడా పెట్టుకుని కూర్చున్నాను. మొదటి పాట అయిదు స్వరాల మీదే తిరిగింది, నా వేళ్ళు తిన్నగా శుద్ధ ధన్యాసి రాగం మీదికి వెళ్ళాయి. వాళ్ళకి ఆ పేరు తెలియదు, తెలియనక్కర్లేదు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి "ఎవరి భజన ఇది" అంది. చప్పట్ల వల్ల అలా అనిపించి ఉంటుంది.

నేను మెట్ల మాట వెనక్కి తీసుకోను. కానీ నెలకి ఒకటి నీలాంటివాడు చెబితే వింటాను. నువ్వూ ఒక పని చెయ్యి. ఇళయరాజా గారు 1986లో 'హౌ టు నేమ్ ఇట్' అని ఒక ఆల్బమ్ చేశారు. సినిమా కాదు. త్యాగరాజస్వామి, జర్మనీ సంగీతకర్త బాఖ్ ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. నీ పందేనికి అడ్డు రాదు. అది కట్టింది సినిమా మనిషి, కాబట్టి నా వాదనకీ అడ్డు రాదు.

ఉప్పల్_జగ్గు:

సార్ తెలివిగా దాటిండు.

నాగోలు_మెట్రో:

పందెం ముప్పయ్యో రోజుతో అయిపోయింది. ముప్పై ఒకటో రోజు పొద్దున మెట్రో ఎక్కి, ఏ సినిమా పాట కావాలంటే అది పెట్టుకోవచ్చు కదా అని ఫోన్ తీశాను. ఏది పెట్టాలో తోచలేదు. ఉప్పల్ దాటేదాకా ఊరికే కూర్చున్నాను. పాటలు వద్దనిపించి కాదు. పెట్టుకోవచ్చు అనేసరికి ఎందుకు పెట్టుకోవాలన్నది ఎవరో అడిగినట్టయింది. చివరికి పెట్టాను, బాగానే ఉంది. మొదటి అరనిమిషంలోనే హుక్ వచ్చేసింది. టెస్టర్ గారి పుణ్యమా అని ఇక జన్మలో అది లెక్కపెట్టకుండా వినలేను.

సినిమా పాటలు వద్దు అన్న నిబంధన ఎత్తేస్తున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పాలన్న రెండోది మాత్రం ఉంటుంది. కొమురవెల్లికి జగ్గు అన్న ఎప్పుడంటే అప్పుడే. ఎడమ ఇయర్‌బడ్ ఇంకా కొనలేదు.

చిక్కడపల్లి_సాయంత్రం:

కొనకండి. శనివారం సాయంత్రం ఆరున్నరకి గానసభలో గాత్ర కచేరీ ఉంది, టికెట్ లేదు. రెండు చెవులూ తెచ్చుకుంటే చాలు. తని అయ్యేదాకా లేవనని మాటిస్తే మూడో వరసలో చోటు ఆపుతాను.

నాగోలు_మెట్రో:

మాటిస్తున్నానండి. క్యాంటీన్ కచేరీ అయ్యాక కూడా తెరిచి ఉంటుందా?