అప్‌డేట్: మెట్రోలో చదవడానికి మీరు సూచించిన నవలలు

హైదరాబాదులో నాగోలు నుంచి రాయదుర్గం వరకు రోజూ మెట్రోలో వెళ్ళే నాకు, చాలా ఏళ్ళ విరామం తర్వాత మళ్ళీ చదువు మీద ఆసక్తి కలిగించే తెలుగు నవలలు సూచించమని రెండు నెలల క్రితం అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ ధన్యవాదాలు.

ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో వెతికితే మొదట దొరికినది మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిస్టర్ పార్వతీశం’. మొగల్తూరు నుంచి ఇంగ్లండుకు బయలుదేరిన ఆ అమాయకుడి అవస్థలు చదువుతూ నేను పైకే నవ్వేసరికి, పక్కన కూర్చున్న పెద్దాయన పుస్తకం అట్ట చూసి, తానూ నవ్వారు. మూడు భాగాలలో మొదటిదే నాకు ఎక్కువగా నచ్చింది.

అంపశయ్య నవీన్ గారి ‘అంపశయ్య’ మాత్రం అంత సులభంగా లొంగలేదు. 1969లో వెలువడిన ఈ నవలలో ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి రవి జీవితంలోని ఒకే ఒక్క రోజు, అతని మనసులో పరుగెత్తే ఆలోచనల రూపంలో సాగుతుంది కాబట్టి, రద్దీలో నిలబడి నాలుగేసి పేజీలు చదివితే దారం తెగిపోతోంది. చివరికి సెలవు రోజున ఇంట్లో కూర్చుని పూర్తి చేశాను. ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయానికి దగ్గర్లోని తార్నాక స్టేషన్ వచ్చినప్పుడల్లా రవి గుర్తుకు వస్తున్నాడు.

కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు ప్రయాణానికి చక్కగా సరిపోయాయి. ఒకసారి దిగవలసిన స్టేషన్ కూడా దాటిపోయాను. రావిశాస్త్రి గారి ‘అల్పజీవి’ నిన్ననే మొదలుపెట్టాను.