సభ్యుడికి చార్జ్ మెమో వస్తే తాలూకా సంఘం చేయగలిగింది ఏమిటి?

ప్రశ్న (కొత్త కార్యదర్శి): మా తాలూకా యూనిట్‌లో ఒక జూనియర్ అసిస్టెంట్‌ని సస్పెండ్ చేసి, సీసీఏ రూల్స్ 1991 (ఉద్యోగుల క్రమశిక్షణ, అప్పీలు నియమాలు) కింద చార్జ్ మెమో (అభియోగ పత్రం) ఇచ్చారు. జవాబుకు 10 రోజుల గడువు. సంఘం లెటర్‌హెడ్ మీద వినతిపత్రం ఇచ్చి, ఎమ్మెల్యే గారితో ఒక మాట చెప్పిద్దామని కమిటీలో కొందరంటున్నారు. అది పనికొస్తుందా?

జవాబు 1 (డిఫెన్స్ అసిస్టెంట్, అంటే విచారణలో ఉద్యోగికి సాయంగా నిలిచే మరో ఉద్యోగి): ఎమ్మెల్యే మాట వద్దు సార్. సర్వీసు విషయంలో బయటి నుంచి ఒత్తిడి తేవడం ప్రవర్తనా నియమావళికి విరుద్ధం, అదే ఇంకో చార్జ్ అవుతుంది.

ముందు మెమో ఏ రూల్ కిందో చూడండి. రూల్ 20 అయితే పెద్ద శిక్షకు, రూల్ 22 అయితే చిన్న శిక్షకు. రూల్ 20 మెమోకి నాలుగు అనుబంధాలుండాలి: అభియోగాలు, వాటి వివరణ, పత్రాల జాబితా, సాక్షుల జాబితా. జాబితాలో ఉన్న పత్రాల నకళ్లు చేతికి రాకపోతే ఆ రోజే రాతపూర్వకంగా అడిగి, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. నోటిమాటగా అడిగింది రికార్డులో ఉండదు. నకళ్లు అడిగినా ఇవ్వకుండా నడిపిన విచారణ చెల్లదని సుప్రీంకోర్టు శత్రుఘ్నలాల్ కేసులో (1998) చెప్పింది.

జవాబులో ఎక్కువమంది చేసే తప్పు ఒకటే. ‘పొరపాటు జరిగింది, పెద్దమనసుతో క్షమించండి’ అని రాసేస్తారు. అది ఒప్పుకోలే. ఇక విచారణ అక్కర్లేకుండా నేరుగా శిక్షకు వెళ్తారు. ప్రతి అభియోగాన్నీ విడివిడిగా ఖండించి, విచారణ కోరాలి.

జవాబు 2 (పాత సూపరింటెండెంట్): పై మాటలకు ఒక చేర్పు. రూల్ 22 అని తేలిగ్గా తీసుకోకండి. ఇంక్రిమెంటు కోత క్యుములేటివ్ ఎఫెక్ట్ (కోత ప్రభావం ఆ తర్వాతి జీతం మీద కూడా శాశ్వతంగా ఉండటం) లేకుండా అయితేనే చిన్న శిక్ష. ఆ ఎఫెక్ట్‌తో అయితే పెద్ద శిక్ష, పూర్తి విచారణ లేకుండా వేయడానికి లేదు. ఉత్తర్వులో ఆ రెండు మాటలు ఉన్నాయో లేవో చాలామంది చూసుకోరు.

సంఘం అసలు సాయం డిఫెన్స్ అసిస్టెంట్‌ని ఇవ్వడమే. మామూలుగా లాయర్‌ని రానివ్వరు, మరో ఉద్యోగి సాయం మాత్రం తీసుకోవచ్చు. బాగా గొంతున్న నాయకుడు కాదు, ఫైలు చదవగలిగినవాడు కావాలి. పత్రాన్ని బల్ల మీద పెట్టినంత మాత్రాన రుజువైనట్టు కాదు, దాన్ని సాక్షి ద్వారా నిరూపించాలి (రూప్ సింగ్ నేగి, 2009). ప్రెజెంటింగ్ ఆఫీసర్ (శాఖ తరఫున వాదించే అధికారి) సాక్షిని పిలవకపోతే ఆ మాట డైలీ ఆర్డర్ షీట్‌లో (ఆ రోజు విచారణ నమోదులో) రాయించి, చదివాకే సంతకం పెట్టాలి. ఎంక్వైరీ రిపోర్టు నకలు ఇచ్చి, దానిమీద జవాబు తీసుకున్నాకే శిక్ష. ఇది 1993 నాటి కరుణాకర్ తీర్పు, మన హైదరాబాద్ ఈసీఐఎల్ కేసే.

కొత్త కార్యదర్శి: సస్పెన్షన్ సంగతి? ఆ కాలంలో ఇవ్వాల్సిన జీవనభృతి కూడా ఇంకా రాలేదు.

జవాబు 3 (డిఫెన్స్ అసిస్టెంట్): భృతి ఆగడానికి కారణం చాలాసార్లు చిన్నదే: వేరే ఉద్యోగం, వ్యాపారం చేయడం లేదన్న సర్టిఫికెట్ నెలనెలా ఇవ్వకపోవడం. అది ఇచ్చినా ఆపితే పాల్ ఆంథోనీ తీర్పు (1999) చూపి రాయండి. సస్పెన్షన్‌కి అజయ్ కుమార్ చౌదరి తీర్పు (2015) ఉంది. 3 నెలల్లో మెమో ఇవ్వకపోతే కొనసాగించడానికి లేదు. మీ కేసులో మెమో వచ్చింది కాబట్టి, పొడిగిస్తే కారణాలు రాసిన ఉత్తర్వు అడగాలి. ఉద్యోగుల సర్వీసు కేసులు చూసే ట్రిబ్యునల్ ఇప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ లేదు, ఆపై హైకోర్టులో రిట్టే.

జవాబు 4 (పాత సూపరింటెండెంట్): లెటర్‌హెడ్‌కి అసలు చోటు జాయింట్ స్టాఫ్ కౌన్సిల్, అంటే అధికారులు, ఉద్యోగ సంఘాలు కలిసి కూర్చునే వేదిక. అక్కడ ఒక్క మనిషి కేసు నడవదు, ఉమ్మడి సమస్య అయితే నడుస్తుంది. విచారణ వీలైనంతవరకు 6 నెలల్లో, ఎంత ఆలస్యమైనా ఏడాదిలో ముగించాలని ప్రేమ్‌నాథ్ బాలి తీర్పు (2015) చెబుతోంది. తాలూకాలో ఏడాది దాటిన విచారణలన్నీ ఒక పట్టికలో పెట్టండి: మెమో నంబరు, తేదీ, ఎంక్వైరీ ఆఫీసర్‌ని వేసిన తేదీ, చివరి వాయిదా. పేర్లు అక్కర్లేదు. ఆ పట్టిక సంఘం జిల్లా శాఖకి కౌన్సిల్ సమావేశం ఎజెండా ఖరారయ్యేలోపు చేరాలి, తర్వాత పంపితే వచ్చే సమావేశానికి నెట్టేస్తారు.