నిమ్మకాయ చాలదా, నాలుగు సీరమ్ సీసాలు కావాలా?

పెన్నా_గట్టు:
మా చెల్లికి శ్రావణంలో పెళ్లి. మొటిమల మచ్చలు పోవాలని ఆన్‌లైన్లో నాలుగు సీసాలు తెప్పించుకుంది: నియాసినమైడ్, విటమిన్ సి, సాలిసిలిక్ యాసిడ్, హైలురోనిక్ యాసిడ్. మా అమ్మ లబోదిబోమంటోంది. "ఆ డబ్బుకి గంపెడు నిమ్మకాయలొస్తాయి, శనగపిండిలో పిండుకుని పట్టిస్తే సరిపోదా" అని. నాకూ అమ్మ మాటే సబబనిపిస్తోంది. ఆ సీసాల్లో సరుకుందా, ఉత్త పేర్లేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఒంగోలు_గిత్త:
సరుకూ లేదు, పాడూ లేదు. అంతా ఇన్‌స్టా మాయ. మా నాయనమ్మ బుద్ధెరిగినప్పటి నుంచి సున్నిపిండి తప్ప సబ్బు ముట్టలేదు. ఈరోజుకీ ముఖం మీద ఒక్క మచ్చ లేదు.

పొదలకూరు_తోట:
మాది నిమ్మతోటే, కాయ అమ్ముడైతే నాకే లాభం. అయినా చెప్తున్నా, నిమ్మరసం ముఖానికి పూయొద్దు. షర్బత్ బండి దగ్గర కాయలు పిండే కుర్రాళ్ల చేతులు ఎండాకాలంలో చూడండి. వేళ్ల సందుల్లో, మణికట్టు మీద, రసం కారిన దారి వెంబడే నల్లటి చారలు కనిపిస్తాయి. నిమ్మలో ఫ్యూరానోకౌమరిన్లని ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే ఒకటి రెండు రోజుల్లో కాలినట్టు ఎర్రబడుతుంది, బొబ్బలొస్తాయి. తర్వాత మిగిలే నలుపు పోవడానికి నెలలు పడుతుంది.

పెన్నా_గట్టు:
మరి నిమ్మలో విటమిన్ సి ఉంటుంది కదన్నా? సీసాలో ఉన్నదీ అదేగా?

మందులక్క:
ఫార్మసీ చదివినదాన్ని, నేను చెప్తాను. ఉన్నది అదే గానీ లెక్కే వేరు. 100 గ్రాముల నిమ్మరసంలో విటమిన్ సి 50 మిల్లీగ్రాములు కూడా ఉండదు, అంటే 0.05 శాతం లోపే. సీరమ్‌లో 10 నుంచి 20 శాతం ఉంటుంది. అలాగని సీసా కొనగానే పనైపోదు. అందులోని విటమిన్ సి, అంటే ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్, గాలికీ, వేడికీ, వెలుతురుకీ పాడవుతుంది. మన రోహిణి కార్తెలో కిటికీ పక్కన పెడితే రంగులేని ద్రవం గోధుమరంగుకి తిరుగుతుంది. ఇక పారబోయడమే. ఫ్రిజ్‌లో పెట్టమను.

సాలిసిలిక్ నూనెలో కరిగే రకం, అందుకే జిడ్డుతో మూసుకుపోయిన రంధ్రాల్లోకి దిగుతుంది. మొటిమలకి 0.5 నుంచి 2 శాతం చాలు. నియాసినమైడ్ అంటే విటమిన్ బి3. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారైన కణం నుంచి పై కణాలకు చేరకుండా కొంతమేర అడ్డుపడుతుంది. మచ్చ పలచబడుతుంది, కానీ రెండు నెలలైనా ఓపిక పట్టాలి. హైలురోనిక్ నీటిని పట్టి ఉంచుతుంది, అంతే. ఆ పని గ్లిజరిన్ చవగ్గా చేస్తుంది. చెమటే ఆరని నెల్లూరులో దానికి వందలు పోయడం నన్నడిగితే దండగ.

పొదలకూరు_తోట:
దండగనకక్కా. మా ఆవిడ రోజంతా ఏసీలో కూర్చుని పనిచేస్తుంది, బుగ్గలు పొడిబారి పొట్టు లేస్తాయి. ఆమెకి పనికొచ్చింది.

మందులక్క:
ఏసీలో అయితే సరే. దాని మీద మాయిశ్చరైజర్ కూడా రాయాలి, లేకపోతే పట్టిన నీరు కాస్తా ఆరిపోతుంది.

ఒంగోలు_గిత్త:
అంటే సున్నిపిండి దండగంటావు, అంతేగా?

మందులక్క:
నేనెక్కడన్నాను? నూనె పట్టించి నలుగు పెడితే మురికి పోతుంది, ఒళ్లు నునుపవుతుంది. పిండి కడుగుతుంది, మచ్చ తియ్యదు. పసుపులోని కర్క్యుమిన్ నీళ్లలో కరగదు, చర్మంలోకి దిగేది బహు తక్కువ. పైన పచ్చదనం మిగులుతుంది. పెళ్లికూతురికి ఆ పచ్చదనమే కావాలి కాబట్టి మంగళస్నానానికి నేను వంక పెట్టను. పచ్చి మొటిమల మీద గరుకు పిండితో రుద్దితే మాత్రం మచ్చలు పెరుగుతాయి.

కావలి_కుర్రోడు:
నేను నియాసినమైడ్ 5 శాతం వదిలేసి 10 తీసుకున్నా. ఎక్కువుంటే తొందరగా పనిచేస్తుంది కదా?

మందులక్క:
పరిశోధనల్లో ఫలితం కనిపించింది ఎక్కువగా 4, 5 శాతం దగ్గరే. 10 అయితే కొందరికి మంట. ముందువైపు అంకె వదిలేసి వెనక జాబితా చదువు తమ్ముడూ. 1 శాతం దాటినవి ఎక్కువ నుంచి తక్కువకి వరుసగా రాయాలి. ఆ లోపువి ఎలాగైనా రాసుకోవచ్చు. ఫినాక్సీఇథనాల్ అని పాడవకుండా కలిపేది ఒకటి కనిపిస్తుంది, మామూలుగా అది 1 శాతం మించదు. కాబట్టి దాని వెనక రాసినవీ ఆ లోపువే. మొన్నొక కుంకుమపువ్వు జెల్ చూశాను. నీళ్లు, గ్లిజరిన్, ఫినాక్సీఇథనాల్, సెంటు, అన్నిటికన్నా చివర కుంకుమపువ్వు. డబ్బా మీద బొమ్మ మాత్రం గుప్పెడు పువ్వులు!

మార్కాపురం_పలక:
ఇంత రాద్ధాంతం ఎందుకండీ? మా వదినకి మెడికల్ షాపులో ఓ చిన్న ట్యూబ్ ఇచ్చారు. వారంలో తెల్లబడింది. మా వీధిలో ఇంకా నలుగురు వాడుతున్నారు.

మందులక్క:
దాని మీద సన్న అక్షరాల్లో ఏముందో కాస్త చదివి చెప్పండి.

మార్కాపురం_పలక:
మొమెటాసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్.

మందులక్క:
వదినగారిని ఈ వారమే చర్మవైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ఎన్నాళ్లుగా రాస్తున్నారో దాన్నిబట్టి ఎలా మాన్పించాలో వాళ్లే చెప్తారు. మొమెటాసోన్ స్టెరాయిడ్. రక్తనాళాలు ముడుచుకుంటాయి, అందుకే అంత త్వరగా తెల్లగా కనిపించడం. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి సన్నటి ఎర్ర నరాలు బయటపడతాయి, మొటిమలు గుంపుగా లేస్తాయి, కొందరికి బుగ్గల మీద వెంట్రుకలు మొలుస్తాయి. మానేస్తే ముఖం భగ్గున మండుతుంది. ఆ మంటకి తాళలేక మళ్లీ అదే రాస్తారు. మంగు మచ్చలకి ఈ మిశ్రమాన్ని డాక్టర్లు రాస్తారు, కానీ కొద్ది వారాలకే, కనిపెట్టుకుని ఉండి. 2018లో 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలనే జాబితాలో చేర్చారు. బిడ్డ కోసం చూస్తున్నవాళ్లు ట్రెటినాయిన్ జోలికే పోకూడదు.

ఒంగోలు_గిత్త:
చూశారా? మందులు ముఖాన పూస్తే ఇదే గతి.

కావలి_కుర్రోడు:
అన్నా, చీటీ లేకుండా అమ్మిన స్టెరాయిడ్‌నీ సాలిసిలిక్‌నీ ఒకే గాటన కట్టేస్తే ఎట్టా?

ముత్తుకూరు_గుంట:
మీరంతా నీడపట్టున ఉండేవాళ్లలా ఉన్నారు. నేను పొద్దున ఆరింటి నుంచి రొయ్యల గుంటల మీదే ఉంటా. మంగు అని డాక్టర్ సన్‌స్క్రీన్ రాశారు. రెండు వేళ్ల నిండా తీసుకుని రెండు గంటలకోసారి పూయాలంట. అలా పూస్తే 50 గ్రాముల ట్యూబ్ పది రోజులు రాదు. మాబోటివాళ్లకి జరిగే పనేనా ఇది?

మందులక్క:
కష్టమే, కాదనను. మీకు ముందు కావాల్సింది వెడల్పు అంచు టోపీ, ముఖానికి తువ్వాలు. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు పని షెడ్డులోకి మార్చుకోగలిగితే ఇంకా మంచిది. పెద్ద అంకె కోసం ఎక్కువ పెట్టకండి. సన్‌స్క్రీన్ ట్యూబ్ మీదుండే ఎస్‌పీఎఫ్ అంకె 30 అయితే ఎండలో చర్మాన్ని కాల్చే యూవీబీ కిరణాల్లో సుమారు 97 శాతం ఆపితే, 50 ఆపేది సుమారు 98. చవక 30నే మందంగా పూయండి. మంగుకి మాత్రం ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మం రంగులో ఉండేది అడగండి. కంటికి కనిపించే వెలుతురు కూడా మంగుని పెంచుతుంది, మామూలు సన్‌స్క్రీన్లు దాన్ని సరిగా ఆపలేవు.

ముత్తుకూరు_గుంట:
తువ్వాలు చుడితే ఉక్కకి చెమటకాయలొస్తాయి మేడం. టోపీ వరకు చూస్తా.

పెన్నా_గట్టు:
చెల్లి నాలుగూ రేపటి నుంచే మొదలుపెడతానంటోంది. పెట్టొచ్చా?

మందులక్క:
వద్దు. మండితే దేనివల్ల మండిందో తెలియదు. ముందు సాలిసిలిక్ ఒక్కటి, రాత్రిపూట, వారానికి రెండుసార్లు. రెండు వారాలు చూసి నియాసినమైడ్. పగలు సన్‌స్క్రీన్ లేకుండా ఇవేవీ వద్దు. పెళ్లికి నెల ముందు నుంచి కొత్త సీసా ఏదీ తెరవొద్దని చెప్పు.

ఒంగోలు_గిత్త:
నలుగు మాత్రం పెట్టాల్సిందే!