యాంగ్రీ, హంగ్రీ... మూడోది ఏది?

అరసున్న:
ఫోన్‌లో అక్షరాల ఆట ఆడుతుంటే చివరికి జి, ఆర్, వై మిగిలాయి. అంతే, ఆ పాత పొడుపు బుర్రలో దూరింది, ఇక పోవట్లేదు. "జి ఆర్ వైతో ముగిసే మాటలు చెప్పు, యాంగ్రీ ఒకటి, హంగ్రీ ఒకటి..." అని మొదలై "మూడోది రోజూ అందరూ వాడేదే" అని ముగుస్తుంది. మధ్యలో ఇంకో వాక్యం ఉండాలి, మెలికంతా అందులోనే. అక్షరం పొల్లు పోకుండా ఎవరికైనా గుర్తుందా? నాకు జవాబు కాదండీ, వాక్యం కావాలి.

గళ్ళపిచ్చి:
పగ్రీ. పి, యు, రెండు జీలు, ఆర్, వై. ఎండ తగలకుండా టోపీకి చుట్టే గుడ్డ, హిందీ పగడీయే ఇంగ్లీషులోకి వెళ్ళి అలా అయింది. బ్రిటిష్ స్క్రాబుల్ జాబితాలో చెల్లుతుంది. యాగ్రీ కూడా ఉంది, ఘనాలో దొరికే పాతకాలపు గాజుపూసలు. ఐదే అక్షరాలు కాబట్టి ఇరుకు చోట బాగా పనికొస్తుంది.

శకటరేఫ:
పగ్రీ రోజూ అందరూ వాడే మాటా అండీ! ఆ లెక్కన షేక్‌స్పియర్ కొరియొలేనస్‌లో అన్‌హంగ్రీ (ఎ, ఎన్‌తో మొదలయ్యేది, ఆకలిగా ఉన్న అని) కూడా ఉంది, చెప్పుకోవచ్చు. నిఘంటువు తిరగేసే వాళ్ళంతా ఎరను మింగిన చేపలే. జి ఆర్ వైకీ జవాబుకీ అసలు సంబంధమే లేదు. మధ్యలో వచ్చే వాక్యం "ద ఇంగ్లీష్ లాంగ్వేజ్‌లో ఉన్నవి మూడే మాటలు, మూడోది ఏది" అని. ద ఒకటి, ఇంగ్లీష్ రెండు, లాంగ్వేజ్ మూడు. జవాబు లాంగ్వేజ్. అయిపోయింది.

వలపలగిలక:
అయిపోలేదు. మీ జవాబు నిలబడాలంటే ఆ "ద" ఉండి తీరాలి. మామూలుగా మాట్లాడేటప్పుడు వట్టి "ఇంగ్లీష్‌లో" అనేసేవాళ్ళే ఎక్కువ. అప్పుడు మూడు మాటలేవి? నేను విన్న పాఠంలో ద లేదు. ఒకవేళ ఉన్నా, లెక్కలోకి రావాలంటే దాన్ని కొటేషన్‌లో పెట్టాలి, నోటితో చెప్పే పొడుపులో కొటేషన్ ఎక్కడ వినిపిస్తుంది? ముందెవరో నిజంగానే మూడో మాట అడిగుంటారు, అది దొరక్క ఎవరో తెలివైనవాడు తర్వాత ఈ "ద" అతికించాడని నా అనుమానం.

శకటరేఫ:
పాఠాంతరం చూపించకుండా ప్రక్షిప్తం (తర్వాత ఎవరో చొప్పించింది) అనడం మన గుంపులో అలవాటైపోయింది.

కొత్తచిగురు:
హ్యాంగ్రీ కాదా? ఆకలికి వచ్చే కోపం. 2018లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి కూడా ఎక్కింది.

వలపలగిలక:
పొడుపు దానికంటే చాలా పాతది నాయనా. అయినా జవాబు పుట్టకముందే ప్రశ్న పుట్టిందన్న మాట మాత్రం బాగుంది.

గళ్ళపిచ్చి:
వాదనెందుకు, లైనక్స్‌లో మాటల జాబితా ఫైల్ ఉంటుంది, గ్రెప్ (ఫైల్లో వెతికే ఆదేశం) కొట్టండి. చివరి అక్షరాలు రాసి పక్కన డాలర్ గుర్తు పెడితే వాటితో ముగిసేవే వస్తాయి. మొదట్లో టోపీ గుర్తు పెడితే మొదలయ్యేవి, తెలియని గడికి చుక్క. క్యూ పక్కన యు లేని మాటల కోసం నేను ఇలాగే వెతుకుతాను. చీ అనే రెండక్షరాల మాట (క్యూ, ఐ) ఒక్కటి తెలిస్తే చాలు, ఎన్ని ఆటలు గట్టెక్కుతాయో.

అరసున్న:
బాగుందండీ, నా వాక్యం సంగతి?

శకటరేఫ:
గ్రెప్ ఏమిటండీ, మన అవధానులు తలలోనే ఆ పని చేసేవారు. ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం రావాలంటే న్యస్తాక్షరి. వర్డిల్‌లో (ఐదక్షరాల మాటను ఆరు అవకాశాల్లో కనిపెట్టే ఆట) ఆకుపచ్చ గడి, అంటే సరైన చోట సరైన అక్షరం, అదే కదా. బూడిదరంగు నిషిద్ధాక్షరి.

వలపలగిలక:
మొదటిది ఒప్పుకుంటాను, రెండోది ఒప్పుకోను. బూడిదరంగు వస్తే ఆ అక్షరం ఏ గడిలోనూ పనికిరాదు. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు (ప్రశ్న వేసేవాడు) వద్దన్నది ఆ ఒక్క చోటికే, తర్వాతి అక్షరంగా హాయిగా వాడుకోవచ్చు. కాబట్టి దానికి దగ్గరిది పసుపు గడి. పసుపులో ఆ అక్షరం ఇంకోచోట ఉండి తీరాలి, నిషిద్ధాక్షరిలో ఆ నిర్బంధం లేదు, అంతే తేడా. తిరుపతి వేంకట కవుల ముందు ఈ ఐదు గళ్ళు పెట్టి ఉంటే ఆరు అవకాశాలెందుకని నవ్వేవారు. సంస్కృతం, తెలుగు రెండు భాషల్లోనూ మేమే కవీంద్రులం, మమ్మల్ని ఎవరైనా గెలిస్తే తీసేస్తామని మీసాలు పెంచిన వాళ్ళు!

శకటరేఫ:
సరే, బూడిదరంగుకి సరైన జోడీ నిరోష్ఠ్యం అనుకుందాం. పెదవులు కలిసే అక్షరాలు మొదటి నుంచి చివరి దాకా నిషేధం. సంస్కృత కవి దండి దశకుమారచరితంలో ఏడో ఉచ్ఛ్వాసమంతా (అధ్యాయమంతా) అలా నడిపాడు. ప్రియురాలి పంటిగాటుకి, ఆ కథ చెప్పే మంత్రగుప్తుడి పెదవి నొప్పి, అందుకని పవర్గం (ప, ఫ, బ, భ, మ) పలకలేడు. నిర్బంధానికి కథలోనే కారణం పెట్టాడు చూడండి, మన ఫోన్ ఆటల్లో ఆ మర్యాద ఏది?

గళ్ళపిచ్చి:
మరి వ సంగతి? పవర్గం కాదు కాబట్టి చెల్లాలిగా.

వలపలగిలక:
వ దంతోష్ఠ్యం. పై పళ్ళు కింది పెదవిని తాకుతాయి. గాటుపడిన పెదవి మీద పళ్ళు ఆనించి ఎవరైనా వ అంటారా?

శకటరేఫ:
గాటు కింది పెదవికే పడిందని మీకెవరు చెప్పారు?

వలపలగిలక:
దండే చెప్పాడు. అధరమణి అన్నాడు. అధరం అంటే కింది పెదవి.

శకటరేఫ:
అధరం వట్టి పెదవి అనే అర్థంలో కూడా వస్తుంది. అధరామృతం అన్నప్పుడు కింది పెదవి ఒక్కటే లెక్క వేస్తారా మీరు?

గళ్ళపిచ్చి:
దీనికి గ్రెప్ పనిచేయదు.