చూడి పులి ఉండగా ఎన్‌క్లోజర్ పనులు చేయించవచ్చా?

నైట్‌హౌస్_డ్యూటీ:
మా జూలో ఆడపులిని మగపులితో కలిపి నెల దాటింది. మేటింగ్ తేదీలు రిజిస్టర్‌లో ఉన్నాయి. ఆ తర్వాత మళ్ళీ ఎదకు రాలేదు, తిండి బాగానే తింటోంది. ఇంతలో రెనొవేషన్‌కు అనుమతి వచ్చింది. కొలను అడుగు పగలగొట్టి కొత్త కాంక్రీట్ వేయాలి, నైట్ హౌస్‌లో (రాత్రి పులిని ఉంచే గదుల్లో) పైనుంచి దిగే రెండు పాత డోర్లు మార్చాలి, మెష్ కొంత మార్చాలి. పక్కనే దుప్పుల క్రాల్ (కంచె దొడ్డి), అందులోనూ ఈనబోయేవి ఉన్నాయి. పనులు ఈతకు ముందే తొందరగా ముగించాలా, పిల్లలు ఎదిగేదాకా ఆపాలా? పులికి మత్తు ఇవ్వకుండా చూడి నిర్ధారించుకునే దారి ఉందా? ఈత గది ఎలా ఉండాలి?

చారల_లెక్క:
ముందు చూడి సంగతి తేల్చుకోండి. పులుల్లో ఎక్కువగా మేటింగ్ ప్రేరణతోనే అండం విడుదలవుతుంది. చూలు నిలవకపోయినా ప్రొజెస్టిరాన్ (చూలును నిలబెట్టే హార్మోన్) కొన్నాళ్ళు ఎక్కువగానే ఉంటుంది, కాబట్టి నెల రోజులు ఎదకు రాకపోవడం దేనికీ రుజువు కాదు. దొంగ చూలైతే సుమారు నెల, నెలన్నరకు ఆ హార్మోన్ దిగిపోతుంది. వారానికి రెండు మూడుసార్లు తాజా మలం నమూనా తీసి, తేదీ రాసి, ఫ్రీజర్‌లో పెట్టి, ఆ హార్మోన్ కొలవడానికి ల్యాబ్‌కు పంపండి. 60 రోజులు దాటినా దిగలేదంటే చూడి అనే అనుకోవచ్చు. ఒక్క నమూనాతో ఏమీ తేలదు, వరుస కావాలి. చన్నులు గులాబీ రంగెక్కి ఉబ్బడం, పొట్ట జారడం లాంటివి చివరి వారాల్లోగాని స్పష్టంగా కనిపించవు.

గర్భకాలం సగటున 103–106 రోజులు, 93 నుంచి 112 దాకా తేడా రావచ్చు. మేటింగ్ కొన్ని రోజులు సాగుతుంది గనుక మొదటి రోజు నుంచే లెక్క పెట్టండి. డ్రిల్లింగ్, వెల్డింగ్, పగలగొట్టే పనులు 70వ రోజుకు ఆగిపోవాలి. 75–80 మధ్య పులి ఈత గదిలో అలవాటు పడాలి. 90 నుంచి ఏ రాత్రైనా ఈనవచ్చన్నట్టే ఉండండి. నన్నడిగితే డోర్లు ఇప్పుడు, కొలను తర్వాత. డోర్ సరిగా పనిచేయకపోతే తల్లిని పక్క గదిలోకి మళ్ళించి పిల్లల్ని చూసే వీలే ఉండదు. కొలను ఆరు నెలలు ఎండి ఉన్నా కొంప మునగదు.

ఈత గది రెండున్నర మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉంటే చాలు. అలాంటివి రెండు పక్కపక్కన ఉండాలి. తల్లికి ఒకచోట నచ్చకపోతే పిల్లల్ని నోట కరుచుకుని మార్చుకుంటుంది. మార్చడానికి చోటు లేనప్పుడే పిల్లను దించకుండా గదంతా తిరుగుతుంది, మెడ మీద పళ్ళ గాట్లు పడేది అప్పుడే. నేల నుంచి కాస్త ఎత్తులో చెక్క పలక, పిల్లలు దొర్లి పడకుండా దానికి 20 సెంటీమీటర్ల అంచు, పైన పొట్టి గడ్డి. గోనె సంచులు వద్దు, పీచు కాళ్ళకు చుట్టుకుంటుంది. చీకటి ఉండాలి. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఇప్పుడే బిగించండి, తర్వాత నిచ్చెన వేసే వీలుండదు. ఫినాయిల్ ఆ వరండాలోకే రానివ్వకండి. ఫినాల్ రకం మందులు పిల్లి జాతికి విషం, లివర్ వాటిని సరిగా విరగ్గొట్టలేదు.

పాలసీసా_వెట్:
పై లెక్కతో ఏకీభవిస్తాను. ఈత రోజున బలంగా నొప్పులు పడుతూ రెండు గంటలైనా పిల్ల రాకపోతే డాక్టర్‌ను పిలవాలి. ఒక పిల్లకూ మరో పిల్లకూ మధ్య తల్లి విశ్రాంతిగా పడుకుంటే అది వేరే సంగతి, తొందరపడొద్దు. మాయ తినేస్తుంది, అది మామూలే. తెలిసిన కీపర్ ఒక్కరే వెళ్ళాలి. మొదటి వారం పది రోజులు గది కడగడం, గడ్డి మార్చడం మానేయండి. తొలిచూలు తల్లులు పిల్లల్ని వదిలేయడం, చంపి తినడం కొత్త కాదు. శబ్దం, కొత్త వాసన, కొత్త మనుషులు దాన్ని ఎగదోస్తాయి.

కెమెరాలో చూడాల్సింది పిల్లలు గుంపుగా ఉన్నాయా, పాలు తాగి నిద్రపోతున్నాయా అని. చెల్లాచెదురుగా పడి ఆగకుండా అరుస్తుంటే, రోజంతా చన్ను పట్టకపోతే, అప్పుడు తీయాలి. తీసిన వెంటనే పాలు పట్టకండి. ఒళ్ళు చల్లబడ్డ పిల్లకు పేగులు కదలవు, పాలు లోపలే పులిసిపోతాయి. ముందు మెల్లగా వెచ్చబెట్టండి, మొదటి వారం 29–32 డిగ్రీల వెచ్చదనం ఉండాలి. పాలు పిల్లి పిల్లల పాలపొడితో కలిపినవే, ఆవుపాలలో ప్రొటీన్ చాలదు. రోజుకు ఒంటి బరువులో 15–20 శాతం, ఒక్కో విడతకు 5 శాతం మించకూడదు. కిలో 200 గ్రాముల పిల్లకు రోజుకు 180–240 మిల్లీలీటర్లు, విడతకు 60 దాటొద్దు. బోర్లా పడుకోబెట్టి పట్టండి. వెల్లకిలా పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. ప్రతి విడత తర్వాత తడి దూదితో కింద రుద్దితేగాని మూత్రం, మలం రావు. ఒంటరిగా పెంచకండి, తోడు పిల్లతోనే ఉంచండి.

మాంసం మొదలుపెట్టాక ఎముకలేని ముక్కలే పెడితే కాళ్ళు వంకర్లు పోతాయి, చిన్న గెంతుకే విరుగుతాయి. మాంసంలో ఫాస్ఫరస్ కిలోకు సుమారు 2 గ్రాములు, కాల్షియం 0.1 గ్రామే. ఎముక పెట్టలేకపోతే కిలోకు 5–6 గ్రాముల కాల్షియం కార్బొనేట్ కలపండి. జూల్లో పులులకు వారానికోసారి పెట్టే ఉపవాసం తల్లికి పాలిచ్చినన్నాళ్ళు ఉండకూడదు.

నైట్‌హౌస్_డ్యూటీ:
చాలా ఉపయోగపడిందండీ. డోర్లు ముందు చేయిస్తాం. కొలను, దుప్పుల సంగతి ఎవరైనా చెప్పగలరా?

కంచె_గేటు:
డోర్లు మారుస్తున్నారు కాబట్టి అడ్డంగా జరిగేవే పెట్టండి. పైనుంచి దిగేవాటికి కేబుల్ తెగితే కింద ఉన్న పిల్ల బతకదు. లాగేవాడికి గుమ్మం కనిపించాలి, తోక ఎక్కడుందో చూసుకునే లాగాలి. మెష్ కింది మీటర్ ఎత్తులో సందు 50 మిల్లీమీటర్లు మించకుండా చూడండి. తల పడితే ఒళ్ళు పడుతుంది.

కొలను కాంక్రీట్ 28 రోజులు క్యూరింగ్ అయ్యాక నీళ్ళు నింపి, రెండు మూడు రోజులుంచి వదిలేయండి. పీహెచ్ 8.5 కిందికి దిగేదాకా ఇదే పని. కొత్త సిమెంట్ నీటి క్షారానికి పాదాలు మండుతాయి, పులి వాటిని నాకితే నోరు పుండవుతుంది. పిల్లలు మొదటిసారి బయటికి వచ్చినప్పుడు నీళ్ళు 15 సెంటీమీటర్లకు మించొద్దు, ఎక్కి రావడానికి గరుకు ర్యాంప్ ఒకటి తప్పనిసరి. పని ముగిశాక అయస్కాంతం కట్టిన కర్రతో నేలంతా రెండుసార్లు ఊడ్చండి. తీగ ముక్కలు, మేకులు చెత్తబుట్టలో కంటే గడ్డిలోనే ఎక్కువ దొరుకుతాయి.

దుప్పులకు పని జరిగే వైపు రెండు మీటర్ల ఎత్తున షేడ్ నెట్ కట్టండి. మెష్ మీదికి దూకితే మెడ విరగడం ఒకటి, బెదిరి పరుగెత్తి కండరాలు పాడవడం ఇంకొకటి. ఈ రెండోది అప్పటికప్పుడు తెలియదు. మూత్రం ముదురు గోధుమ రంగులో పోసి, గంటల్లోనో రెండు మూడు రోజులకో చనిపోతుంది. గట్టి కొమ్ములున్న మగవాటిని విడిగా పెట్టండి. ఒక మూల గడ్డి కోయకుండా వదలండి, తల్లి పిల్లను అక్కడే దాస్తుంది. కదలకుండా పడుకున్న పిల్లను దిక్కులేనిదనుకుని ఎత్తుకురావద్దని కూలీలకు కూడా చెప్పాలి. కొత్త మొక్కల్లో గన్నేరు, ఆముదం ఉంటే పీకించేయండి. అందంగా ఉంటుందని గన్నేరు తెచ్చిపెట్టే కాంట్రాక్టర్లకు కొదవ లేదు.

చారల_లెక్క:
ఒక్కటి మరిచిపోయాం. పిల్లలు ఏడాదిన్నర, రెండేళ్ళకు విడిగా ఉండాలి. మూడు పుడితే మూడు గదులు కావాలి. అవి ఇప్పుడు ప్లాన్‌లో లేకపోతే ఇంకెప్పుడూ రావు. ఈ జత వంశావళి స్టడ్‌బుక్‌లో (జూ జంతువుల వంశాలు రాసే రిజిస్టర్‌లో) చూశారా? తెల్లపులి రక్తం ఉంటే ఇంకా జాగ్రత్త. బోనుల్లోని తెల్లపులుల వంశాలు ఎక్కువగా 1951లో మధ్యప్రదేశ్‌లోని రేవాలో పట్టుకున్న మోహన్ అనే పులికే చేరతాయి, దాన్ని దాని కూతురితోనే జత కట్టించారు. మెల్లకన్ను ఆ తెలుపుతో పాటే వస్తుంది. ఈ ఈత తర్వాత మగపులిని మళ్ళీ కలపకుండా డెస్లోరెలిన్ ఇంప్లాంట్ (చూలు నిలవకుండా చర్మం కింద పెట్టే మందు) సంగతి డాక్టర్‌తో మాట్లాడండి. ఇదే పనికి వాడే పాత ఎంజీఏ (మెలెంజెస్ట్రాల్ ఎసిటేట్) ఇంప్లాంట్లు ఏళ్ళ తరబడి ఉంచితే పిల్లి జాతిలో గర్భసంచి, చన్నుల గడ్డలు వస్తాయి.