ప్రపంచ వ్యాపారాన్ని నడిపేది జననాలా, జలసంధులా?

తూకంరాయి:

రోజూ యుద్ధాలు, ఆంక్షలు, సుంకాలు, మూసుకుపోయే జలసంధుల వార్తలు చదివి చదివి, ప్రపంచ వ్యాపారం వాటి చుట్టూనే తిరుగుతోందని నమ్మేస్తున్నాం. నేను ఒప్పుకోను. రాబోయే ముప్పై ఏళ్ల లెక్క ప్రసూతి వార్డుల్లో ఇప్పటికే తేలిపోయింది.

దక్షిణ కొరియాలో 2023లో సంతానోత్పత్తి రేటు 0.72. దీన్ని మనుషుల్లోకి మార్చి చూడండి. వందమంది స్త్రీలకు 72 మంది పిల్లలు. వాళ్లలో ఆడపిల్లలు ఓ 35 మంది. రేటు అలాగే ఉంటే ఆ 35 మందికి పుట్టేది 25 మంది. రెండు తరాల్లో వంద కాస్తా పాతిక దగ్గరికి వచ్చేసింది! జపాన్‌లో 2024లో పుట్టిన పిల్లలు ఏడు లక్షలు కూడా లేరు. అదే ఏడాది ఓజీ హోల్డింగ్స్ అనే పెద్ద కాగితం కంపెనీ ఆ దేశంలో పసిపిల్లల డైపర్ల తయారీ ఆపేసి, పెద్దవాళ్ల డైపర్ల మీద దృష్టి పెడతామని ప్రకటించింది. చైనా జనాభా 2022లో తగ్గడం మొదలైంది. 2023లో అక్కడ పుట్టినవాళ్లు 90 లక్షలు, పోయినవాళ్లు కోటీ పది లక్షల పైమాటే.

సుంకాన్ని ఒక్క సంతకంతో ఎత్తేయొచ్చు. యుద్ధం ఆగొచ్చు. కానీ 2045లో ఇరవై ఏళ్లు ఉండాల్సిన మనిషి 2025లో పుట్టకపోతే, ఆ ఖాళీని ఏ ఒప్పందమూ పూడ్చలేదు. కాబట్టి నా ఓటు జనాభాకే. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

ఎదురుగాలి:

తూకంరాయి గారూ, అంకెలు సరైనవే. వాటి నుంచి మీరు తేల్చిన మాటతోనే నాకు పేచీ.

చైనాలో 15 నుంచి 59 ఏళ్ల వయసువాళ్ల సంఖ్య 2012 నుంచే తగ్గుతోంది. మీ లెక్కన ఈపాటికి దాని ఎగుమతులు నీరసించి ఉండాలి. జరిగిందేమిటి? 2024లో సరుకుల వ్యాపారంలో దాని మిగులు, అంటే దిగుమతులను మించిన ఎగుమతులు, దాదాపు లక్ష కోట్ల డాలర్లు! అంతకుముందు ఎప్పుడూ లేనంత. జపాన్‌లో పనిచేసే వయసు జనాభా 1995లో 8.7 కోట్లు, ఇప్పుడు 7.4 కోట్ల దగ్గర ఉంది. అయినా ఆ దేశం కుప్పకూలలేదు. దక్షిణ కొరియా ఫ్యాక్టరీల్లో ప్రతి పదివేల మంది కార్మికులకు వెయ్యికి పైగా రోబోలు పనిచేస్తున్నాయి. చేతులు తగ్గినచోట యంత్రాలు వస్తాయి.

అటువైపు ఆఫ్రికాను చూడండి. సగం మంది వయసు 19 లోపే. యువత సంఖ్యే అంతా తేల్చేస్తే ప్రపంచ ఎగుమతుల్లో ఆ ఖండం వాటా మూడు శాతం దగ్గరే ఎందుకు ఆగిపోయింది? కరెంటు, రేవులు, అప్పు పుట్టే తీరు, పక్కదేశంలోకి సరుకు దాటించడానికి సరిహద్దులో పట్టే రోజులు, ఇవన్నీ పాలనకూ రాజకీయానికీ సంబంధించినవి.

ఇక దెబ్బ పడితే ఎంత వేగంగా పడుతుందో చూద్దాం. 2021లో యూరోపియన్ యూనియన్ దిగుమతి చేసుకున్న గ్యాస్‌లో 40 శాతానికి పైగా రష్యాది. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యాక రెండేళ్లు తిరక్కుండానే దశాబ్దాల నాటి ఆ బంధం చాలావరకు తెగిపోయింది. 2022 అక్టోబరులో అమెరికా ఆంక్షలు పెట్టడంతో చైనాకు అత్యాధునిక చిప్‌ల దారి మూసుకుపోయింది. వీటిలో ఏది జనాభా లెక్కల్లోంచి పుట్టింది చెప్పండి?

సూయజ్ సంగతి సరేసరి. 2023లో కాలువ మీద ఈజిప్టుకు వెయ్యి కోట్ల డాలర్లకు పైగా ఆదాయం వచ్చింది. మరుసటి ఏడాది అది 400 కోట్లకు పడిపోయింది. ఎర్రసముద్రంలో ఓడల మీద హౌతీలు (యెమెన్‌లోని సాయుధ వర్గం) వేసిన క్షిపణులు, డ్రోన్లు చేసిన పని అది. ఒక్క ఏడాదిలో ఇంత తేడా తెచ్చే శక్తి జననాల రేటుకు లేదు.

సాగరయాత్రి:

ఎర్రసముద్రం మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. నేను సరుకు ఓడల్లో సెకండ్ ఆఫీసర్‌ని. ఓడ ఏ దారిలో వెళ్లాలో చార్టు మీద గీసే పని నాదే.

2024 మొదట్లో సింగపూర్ నుంచి రోటర్‌డామ్‌కు సూయజ్ మీదుగా గీసిన దారిని పక్కన పెట్టి, కేప్ ఆఫ్ గుడ్ హోప్ చుట్టూ మళ్లీ గీశాను. సూయజ్ మీదుగా అయితే సుమారు 8,500 నాటికల్ మైళ్లు. ఆఫ్రికా చుట్టూ తిరిగితే 11,800. 14 నాట్ల వేగంతో, అంటే గంటకు 14 నాటికల్ మైళ్లు పోతే పది రోజులు అదనం. ఆ పది రోజుల ఇంధనం, జీతాలు, ఆలస్యంగా చేరే కంటైనర్లు అన్నీ సరుకు ధరలో కలుస్తాయి. అటు ఎర్రసముద్రంలోంచే వెళ్లాలంటే యుద్ధ ప్రమాద బీమా ఓడ విలువలో ఒక శాతం దాకా ఎగబాకింది. పది కోట్ల డాలర్ల ఓడకు ఒక్క ప్రయాణానికి పది లక్షల డాలర్లు!

ఆ రోజుల్లో ఏఐఎస్ (ప్రతి ఓడా తన వివరాలు చుట్టూ ఉన్నవాళ్లకు పంపే వ్యవస్థ) తెర మీద చూసింది మాత్రం మరిచిపోలేను. ఓడ ఎక్కడికి వెళ్తోందో రాయాల్సిన గడిలో రేవు పేరు బదులు కొందరు ‘సిబ్బంది అంతా చైనావాళ్లే’ అని పెట్టారు. ఇంకొందరు ‘ఇజ్రాయెల్‌తో సంబంధం లేదు’ అని పెట్టారు. గమ్యం రాసే చోట ప్రాణాలతో వదిలేయమని వేడుకోవడం అది.

మీ ఇద్దరి వాదనలో ఓడ మీద ఉన్న మనిషి కనిపించలేదు. ప్రపంచ వాణిజ్య నౌకల్లో పనిచేసేవాళ్లం సుమారు 19 లక్షల మందిమి. మాలో ఎక్కువమంది ఫిలిప్పీన్స్, రష్యా, ఇండోనేసియా, చైనా, భారత్ నుంచి వచ్చినవాళ్లు. జపాన్, గ్రీస్ యజమానుల ఓడలు ఎన్నో ఉన్నాయి, వాటిని నడిపే కుర్రాళ్లు ఆ దేశాల్లో అంతమంది లేరు. 2024 మార్చిలో ట్రూ కాన్ఫిడెన్స్ అనే ఓడకు క్షిపణి తగిలి ముగ్గురు చనిపోయారు. ఇద్దరు ఫిలిప్పీన్స్ వాళ్లు, ఒకరు వియత్నాం. ఎవరి యుద్ధం, ఎవరి సరుకు, పోయింది ఎవరి బిడ్డలు? ఇందులో జనాభా ఎక్కడ ఆగిందో, రాజకీయం ఎక్కడ మొదలైందో విడదీసి చెప్పడం నాకైతే చేతకాదు.

తూకంరాయి:

సాగరయాత్రి గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ‘జననాలా, జలసంధులా’ అని ప్రశ్న పెట్టడంలోనే పొరపాటు చేశానేమో అనిపిస్తోంది.

ఎదురుగాలి గారు చూపిన చైనా మిగులుకు జవాబు చెప్పాలి. శ్రామికుల సంఖ్య తగ్గగానే ఎగుమతులు తగ్గిపోతాయన్నట్టు రాశాను, అది తప్పే. కానీ జనాభాలో పనిచేసేవాళ్లే కాదు, కొనేవాళ్లు కూడా ఉంటారు కదా. 1980 నుంచి 2015 దాకా ఒకే సంతానం విధానం నడిచిన దేశంలో, రేపు నన్ను చూసుకోవడానికి ఒక్క బిడ్డే ఉన్నాడని తెలిసిన తల్లిదండ్రులు ఏం చేస్తారు? ఖర్చు తగ్గించుకుని దాచుకుంటారు. పింఛను, వైద్యం మీద పూర్తి భరోసా లేకపోతే ఇంకా గట్టిగా దాచుకుంటారు. కొత్త కాపురాలు తగ్గితే ఇళ్లు, ఫర్నిచర్, కార్లు కొనేవాళ్లూ తగ్గుతారు. ఫ్యాక్టరీలు మాత్రం రోబోలతో నడుస్తూనే ఉంటాయి. ఇంట్లో కొనేవాళ్లు లేని సరుకు ఎక్కడికి పోవాలి? ఓడ ఎక్కాల్సిందే. వృద్ధాప్యం ఒక్కటే కారణం అనను, ప్రభుత్వ పెట్టుబడుల విధానానికీ ఇందులో పెద్ద వాటా ఉంది. అయినా ఆ మిగులు వెనక ముసలితనం ఉందనే నమ్ముతున్నాను.

ఆ ఓడలు ఒడ్డు చేరినచోట పుట్టిందే సుంకాల గొడవ. చైనా విద్యుత్ కార్ల మీద 2024లో అమెరికా సుంకాన్ని 100 శాతానికి పెంచింది. అదే ఏడాది యూరోపియన్ యూనియన్ 35.3 శాతం దాకా అదనపు సుంకాలు వేసింది. వార్తల్లో దీన్ని వాణిజ్య యుద్ధం అంటారు. వెనక్కి నడుస్తూ పోతే పుట్టని పిల్లల దగ్గరికి చేరతాం.

ఎదురుగాలి:

కొనేవాళ్ల వైపు నుంచి నేను ఆలోచించలేదు. ఆ మాట తీసుకుంటాను. కానీ గొలుసు అక్కడితో తెగదు. ముసలితనం తెచ్చిన లోటును తీర్చుకునే దారి తెరవాలా, మూయాలా అన్నది మళ్లీ రాజకీయమే.

2021లో బ్రిటన్‌లో పెట్రోలు ఉంది, బంకులకు చేర్చే ట్యాంకర్ డ్రైవర్లు లేరు. చివరికి సైనికులతో ట్యాంకర్లు నడిపించారు. డ్రైవర్లు ముసలివాళ్లయిపోవడం, కోవిడ్‌తో డ్రైవింగ్ పరీక్షలు ఆగిపోవడం కారణాలే, కానీ బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం) తర్వాత యూరప్ డ్రైవర్లు వచ్చే దారి మూసుకుపోవడం కూడా కారణమే. విదేశీ కార్మికుల విషయంలో తలుపు ఓరగా తెరిచి ఉంచే జపాన్ 2024 నుంచి ఐదేళ్లలో 8.2 లక్షల మంది నైపుణ్యం ఉన్న కార్మికులను తీసుకోవచ్చని లెక్క వేసుకుంది. రెండూ వయసు మీరుతున్న దీవి దేశాలే, తీసుకున్న నిర్ణయాలు వేరు.

రక్షణలోనూ అంతే. దక్షిణ కొరియా సైన్యానికి ఏటా చేరాల్సిన కుర్రాళ్లు తగ్గిపోతున్నారు. ఎదురుగా ఉత్తర కొరియా సైన్యం పదిలక్షలకు పైనే. దక్షిణ కొరియా ఏం చేస్తుంది? డ్రోన్లు కొంటుందా, ఆడవాళ్లకూ నిర్బంధ సైనిక సేవ పెడుతుందా, అమెరికా మీద ఇంకా ఆధారపడుతుందా? ఏది ఎంచుకున్నా దాని వేడి చైనాకూ, జపాన్‌కూ తగులుతుంది. జననాల రేటు ఆ దేశాన్ని ప్రశ్న దగ్గరికి తెచ్చి వదిలింది. జవాబు మాత్రం రాసి పెట్టలేదు.

సాగరయాత్రి గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. ఆ దాడుల తర్వాత మీ ఓడల మీదికి కొత్త కుర్రాళ్లు వస్తున్నారా?

సాగరయాత్రి:

వస్తున్నారండీ. ఎర్రసముద్రంలోకి రానని చెప్పే హక్కు యూనియన్ ఒప్పందాలున్న ఓడల మీద మాకు ఉంది. వెళ్తే ఆ రోజులకు మూల జీతం రెట్టింపు.

ఒకసారి కెప్టెన్ మెస్ రూమ్‌లో అందరినీ కూర్చోబెట్టి ఎవరు దిగిపోతారని అడిగారు. మాలో వయసు పైబడ్డ ఇద్దరు చేతులెత్తారు, వాళ్ల పిల్లలు స్థిరపడ్డారు. మొదటి ప్రయాణంలో ఉన్న ఇరవై ఏళ్ల క్యాడెట్ (శిక్షణలో ఉన్న కుర్రాడు) మాత్రం ఎత్తలేదు. రాత్రి బ్రిడ్జి (ఓడను నడిపే గది) మీద కాపలా డ్యూటీలో ఎందుకని అడిగాను. ఇంట్లో తన తర్వాత నలుగురు ఉన్నారని చెప్పి, రాడార్ వైపు తిరిగాడు.